పెరటి దీపం ఎందుకు వెలగలేదు

ఉదయం ఏడున్నరకు అత్తగారి తల దువ్వడం ఆ ఇంట్లో మూడు రోజులుగా కోడలి పని. అంతకుముందు ఆ తలను ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు ఆవిడ. డెబ్భై దాటినా తన జడ తానే వేసుకునేది, తన కాఫీ తానే కలుపుకునేది, వీధిలో సగం మంది బట్టలు తానే కుట్టిపెట్టేది. ఇప్పుడు కుడిచేతికి మోచేయి దాకా తెల్లటి కట్టు. కుట్టుమిషను మీద ఎవరిదో చొక్కా, ఒక చెయ్యి అతికించి రెండోది అతికించకుండా, అలాగే పడి ఉంది.

"చిక్కు లాగకు అమ్మాయ్. ఉన్నవే నాలుగు వెంట్రుకలు" అంది అత్తగారు.

కోడలు దువ్వెన నెమ్మదిగా దించింది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా మైక్రోస్కోపు మీద వంగి కణాలు లెక్కపెట్టే మనిషి.

పెరట్లోంచి భర్త గొంతు వినిపించింది. లైటు అమర్చిన ఎలక్ట్రీషియన్‌ని పొద్దున్నే పిలిపించాడు.

"నెల కాలేదు నువ్వు ఈ లైటు పెట్టి. మా అమ్మ స్విచ్చి వేస్తే వెలగలేదు. చీకట్లో మెట్టు తప్పి పడింది. ఏం సమాధానం చెబుతావు?"

ఎలక్ట్రీషియన్ స్టూలెక్కి బల్బును చేత్తో తిప్పాడు. పట్టపగలు అది తెల్లగా భగ్గున వెలిగింది.

"బల్బు బాగానే ఉంది సార్. రెండు చుట్లు వదులుగా ఉంది, అంతే. దానంతటది వదులవదు. ఎవరో తిప్పారు."

"ఎవరు తిప్పుతారు, దయ్యాలా? సరిగ్గా బిగించలేదని ఒప్పుకోవడానికి నోరు రావట్లేదు నీకు."

"ముప్ఫై ఏళ్ళుగా ఈ వీధిలో పనిచేస్తున్నాను సార్."

"ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నావేమో."

నెరిసిన తల మనిషి. స్టూలు దిగి, సామాన్ల సంచీ భుజాన వేసుకుని ఇంట్లోంచే బయటికి నడిచాడు. అత్తగారి ముందు ఒక్క క్షణం ఆగి, "చెయ్యి జాగ్రత్తమ్మా" అన్నాడు. తల ఎత్తలేదు.

కోడలు దువ్వెన ఆపేసింది. ఆ రెండు చుట్లు తిప్పింది ఆమే.

నాలుగేళ్ళ క్రితం ఒక డాక్టరుగారి దగ్గర పాత టెలిస్కోపు కొనుక్కుంది. పెరట్లో దాన్ని నిలబెట్టి, కెమెరా తగిలించి, ఆకాశంలో నెబ్యులాలను ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. నక్షత్రాల మధ్య మబ్బుల్లా పరుచుకున్న ధూళి, వాయువు అవి. కంటికి కనిపించవు. ఒకే చోటును వందలసార్లు ఫోటో తీసి, వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే అప్పుడు పైకి తేలతాయి. వీధిలో ఆమెకు 'చుక్కలమ్మ' అని పేరు పడింది. గుర్రం తలలా ఉండే నెబ్యులా ఒకటుంది. మూడు చలికాలాలుగా దాని వెంట పడుతోంది. సరిగ్గా అది చేతికి చిక్కే వేళకు, మెట్లు కనబడటం లేదని అత్తగారు అడగ్గా భర్త ఆ లైటు పెట్టించాడు. దాని వెలుగు పడి ఫోటోలన్నీ పాలు ఒలికినట్టు తెల్లబోయాయి.

అత్తగారు పడ్డ ఆ రాత్రి, వారం తర్వాత మొదటిసారి మబ్బు విడిచింది. స్విచ్చి ఆపినా ఎవరో ఒకరు మళ్ళీ వేస్తారని స్టూలెక్కి బల్బే వదులు చేసింది. పడుకునే ముందు బిగించేద్దామనుకుంది. కెమెరా దాని పని అది చేసుకుంటుంటే తను ముందు గదిలో కూర్చుంది. ఇంతలో పెరట్లో దబ్బుమని చప్పుడు. ఆసుపత్రిలో భర్త "బల్బు పోయినట్టుంది" అన్నప్పుడు తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. తర్వాత చెప్పడానికి ప్రతి గంటా ఇంకాస్త కష్టమైపోయింది.

భర్త విసురుగా లోపలికి వచ్చి ఫోను తీశాడు.

"వీధివాళ్ళ గ్రూపులో పెడుతున్నాను. ఇకమీదట ఆ మనిషిని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు."

"పెట్టకండి" అంది ఆమె.

"ఎందుకు పెట్టకూడదు?"

దువ్వెన పక్కన పెట్టింది. "బల్బు వదులు చేసింది నేను. ఫోటోల కోసం."

అతను ఫోను కిందికి దించాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"అంటే మా అమ్మ చెయ్యి ఒక పక్క, నీ చుక్కలు ఒక పక్క పెట్టి తూచుకున్నావన్నమాట."

"తూచలేదండీ. అత్తయ్య లేస్తారనుకోలేదు."

"అనుకోలేదు. మరి ఆసుపత్రిలో? నిన్న? ఇందాక ఆ మనిషిని నేను నానా మాటలూ అంటుంటే? అప్పుడు కూడా ఏమీ అనుకోలేదా?"

అతను టెలిస్కోపు ఉన్న వైపు వేలు చూపించాడు.

"సాయంత్రానికి ఆ గొట్టం ఇంట్లో ఉండకూడదు."

"సరే" అంది. వాదించే ఓపిక లేక కాదు, వాదించే హక్కు లేదనిపించి.

"దాని జోలికి పోకు" అంది అత్తగారు.

కొడుకు గిర్రున తిరిగాడు. "నీకేం తెలియదమ్మా, నువ్వూరుకో."

"నాకు ఆ రాత్రే తెలుసు. స్విచ్చి వేశాను, వెలగలేదు. పెరట్లో ఆ గొట్టం పైకి చూస్తూ నిలబడి ఉంది. అర్థం కాకపోవడానికి నేనేమైనా చంటిదాన్నా? ఒక్క కేక వేస్తే వచ్చి వెలిగించేదే. వెయ్యలేదు. ముప్ఫై ఏళ్ళుగా దిగుతున్న మెట్లు, దీపం లేకపోతే దిగలేనా అనుకున్నాను. నా పొగరే నన్ను పడేసింది."

కోడలు అత్తగారి ముందు నేల మీద కూర్చుంది. "మరి ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"నువ్వు చెబుతావని. ఒక రోజు చూశాను, రెండు రోజులు చూశాను. రోజూ తల దువ్వుతావు, అన్నం కలిపి పెడతావు, ఆ ఒక్క మాట మాత్రం నీ నోటెంట రాదు. చెయ్యి విరిగితే అతుక్కుంటుంది అమ్మాయ్. ఇందాక ఆ పెద్దమనిషి తలవంచుకుని నా ముందునుంచి పోయాడు చూడు, అప్పుడు మాత్రం నీ మీద అసహ్యం వేసింది." ఆవిడ కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంది. "నా మీద కూడా. నేనూ నోరు మూసుకునే ఉన్నానుగా."

కోడలు ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆవిడే మళ్ళీ అంది. "నా ముందు కూర్చుని ఏడిస్తే ఏం లాభం? వెళ్ళండి. ఇద్దరూ వెళ్ళండి."

ఎలక్ట్రీషియన్ షాపు వీధి మలుపులోనే. ఫ్యాను మోటారుకు తీగ చుడుతూ కూర్చున్నాడు. బల్ల ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనిపించింది ఆమెకు. అలా ఆగబట్టే కదా ఇంత దూరం వచ్చింది అనుకుని, వాళ్ళ ముందే చెప్పేసింది.

"ఆ బల్బు తిప్పింది నేనండీ. మీ తప్పేమీ లేదు. మీరు మాట పడుతుంటే లోపల కూర్చుని విన్నాను."

భర్త గొంతు సవరించుకున్నాడు. "అనరాని మాటలన్నాను. మనసులో పెట్టుకోకండి."

పొద్దున్నుంచి 'నువ్వు' అన్న మనిషి 'మీరు' అనడం ఎలక్ట్రీషియన్ గమనించాడు. తీగ చుట్టడం ఆపలేదు.

"మనసులోకి పోయింది సార్. మెల్లగా వస్తుంది బయటికి." తర్వాత ఆమె వైపు చూశాడు. "లైటు మీకు అడ్డమని నాకొక్క మాట చెబితే పైన రేకు టోపీ బిగించేవాణ్ణి కదమ్మా. వెలుగు మెట్ల మీదే పడుతుంది, పైకి పోదు. పది నిమిషాల పని. అడగలేదేం?"

"ఎవరినీ అడగలేదండీ" అంది ఆమె. అడిగితే అత్తగారు కాదంటుందని, భర్త నవ్వుతాడని తనకు తానే తీర్పు చెప్పేసుకుంది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ, ఆ ఇంటివాళ్ళను కలుపుకోకుండా ఒంటరిగా ఆకాశం చూస్తోంది. అందరి ముందూ కన్నీళ్ళు జారిపోయాయి. తుడుచుకోలేదు.

మధ్యాహ్నం అతను వచ్చి రేకు బిగించి వెళ్ళాడు. భర్త ఇచ్చిన కాఫీ తాగాడు గానీ నవ్వలేదు.

సాయంత్రం అత్తగారు పిలిచింది. "ఆ రాత్రి ఫోటోలు ఏమయ్యాయి?"

"నేను చూడలేదు అత్తయ్యా. మనం ఆసుపత్రిలో ఉంటే, బ్యాటరీ అయిపోయేదాకా కెమెరా తీస్తూనే ఉంది. చూడాలనిపించలేదు."

"నా చెయ్యి బలి తీసుకుని మరీ తీసిన ఫోటోలు. చూడకపోతే ఎలా? తెరువు."

ఫోటోలన్నీ కంప్యూటరులో పేర్చడానికి రెండు గంటలు పట్టింది. చివరికి తెర మీద ఎర్రటి తెరచీరలాంటి వెలుగు పరుచుకుంది. దాని మధ్య చిన్నగా, నల్లగా, మెడ వంచిన గుర్రం తల.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా వంగింది. "ఇది నిజంగా అక్కడ ఉందా, నువ్వు రంగులేశావా?"

"ఉంది అత్తయ్యా. మన పెరటి మీదే."

"కుట్టు సన్నంగా వచ్చింది" అంది ఆవిడ. ఆవిడ ఎవరి పనినైనా మెచ్చుకోవడం అలాగే.

వెనకాల నిలబడిన భర్త కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, "ఇంకాస్త పెద్దది చేసి చూపించు" అన్నాడు.

"ఇదిగో అమ్మాయ్" అంది అత్తగారు, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే. "ఇకనుంచి దీపం ఆర్పాలంటే నాకు చెప్పి ఆర్పు. నేను వద్దంటే వద్దు."

"సరే అత్తయ్యా." మళ్ళీ అడిగింది కోడలు. "వద్దంటారా?"

"కొన్నిసార్లు అంటాను."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్తగారి కట్టు కట్టిన చేతిని రెండు చేతులతో మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ వెనక్కి తీసుకోలేదు.