ఊపిరి కోసేసిన పాట

అసురసంధ్య వేళ... పడమటి దిక్కు ఎండిన నెత్తురులా నల్లబడుతోంది. మేఘాల కడుపులో ఉరుము దొర్లింది. మూతపడిన రికార్డింగ్ స్టూడియో చూరు మీద గుడ్లగూబ ఒకటి మెడ తిప్పి, మెట్లెక్కుతున్న మిక్సింగ్ మాస్టారి వంక నిశ్చలంగా చూసింది. 'పోనీలే, ఇవాళ నావంక తిరిగి చూసిన ప్రాణి నువ్వొక్కదానివే' అనుకున్నాడాయన.

భార్య పోయాక ఆయన ఇంట్లో చప్పుళ్లు కరువయ్యాయి. ఫ్రిజ్ మూలుగు... బేకరీ పని ముగించుకుని వచ్చే కూతురి తాళంచెవి చప్పుడు... అంతే. మిగిలింది, జబ్బులో ఉండగా భార్య పాడిన ఒకే ఒక్క పాట. నలుగురి గొంతులూ దిద్దిన చేత్తోనే కంప్యూటర్‌లో దాన్నీ దిద్దాడు. పాదానికీ పాదానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకున్న చోటల్లా కోసేశాడు. దగ్గు కోసేశాడు. కుర్చీ కిర్రుమన్నదీ కోసేశాడు. పాట కడిగిన అద్దంలా తేలింది. అద్దంలాగే చల్లగానూ ఉంది!

పాతకాలపు టేపు వెచ్చదనం తెచ్చిపెడతాయనే సాఫ్ట్‌వేర్లన్నీ వాడి చూశాడు. గొంతుకు కాస్త మందం, కాస్త గరుకు, వెనకాల సన్నని సుయ్‌మనే హోరు... శవానికి దుప్పటి కప్పినట్టుందే తప్ప, మనిషి పక్కన కూర్చున్నట్టు లేదు. ఆ దిగులే ఆయన్ని, మూతపడిన ఈ స్టూడియోలో మకాం పెట్టిన మాంత్రికుడు టేపుల స్వామి గుమ్మం దాకా నడిపించింది.

మొదటిరోజు స్వామి అడిగింది ఒక్కటే. "పాటలో ఊపిరి చప్పుడేమైనా ఉందా?"

"లేదండీ. నేనే తీసేశాను."

"చేయి తిరిగినవాడివి. నా పనిలో సగం నువ్వే చేసుకొచ్చావు" అని నవ్వాడు స్వామి.

ఆ గదిలో నిలువెత్తు టేపు యంత్రం. దాని నెత్తిన నల్లగా పొగచూరిన కపాలం! ఎడమ చక్రం నుంచి వచ్చే గోధుమరంగు టేపు ఆ కపాలం పళ్ల సందుల్లోంచి దూరి, కుడి చక్రానికి చుట్టుకుంటుంది. చితాభస్మం పూసిన ఆ యంత్రం గుండా మొదటిసారి పాట సాగినప్పుడు మాస్టారు గోడకు ఒరిగి ఏడ్చాడు. ఆ గొంతులో వేడి ఉంది! రెండోసారికి అది చెవి పక్కనే వినిపించింది. "మూడోసారికి మనిషే వస్తుంది" అన్నాడు స్వామి.

ఇంట్లో కూతురేమో, మొదటిరోజు నుంచీ బేకరీ ఓవెన్ ముందు నిలబడినా వణుకుతున్నానంటోంది. "నన్ను ట్రేలో పెట్టి లోపలికి తోసినా ఉడకను నాన్నా" అని నవ్వింది నిన్న. ఆమె చేయి తాకితే చన్నీళ్ల కుండను తాకినట్టుంది. ఆయన డాక్టరుకు చూపించుకోమన్నాడు. అంతకుమించి తట్టలేదు... మనసంతా పాట మీదే.

ఇవాళ మూడోసారి. కంప్యూటర్ యంత్రానికి తగిలించగానే స్వామి కళ్లు మూసుకుని మంత్రం ఎత్తుకున్నాడు. చక్రాలు తిరిగాయి. అప్పుడే తలుపు దగ్గర అలికిడి.

"నాన్నా, గొడుగు మర్చిపోయావు. వాన ముంచేలా ఉంటే..."

మాట పూర్తి కాలేదు. మొదటి పాదం ముగిసింది. మాస్టారు ఊపిరి కోసేసిన చోటు వచ్చింది... కూతురి రొమ్ము ఒక్కసారిగా ఎగసి, ఊపిరి సుడిలా కపాలం నోట్లోకి పోయింది! గొడుగు జారిపడింది. రెండో పాదం కూతురి నోటి నుంచి వచ్చింది... తల్లి గొంతుతో!

మాస్టారి చేయి యంత్రం మీటకేసి దూసుకుపోయింది.

"ఆపావో, పిల్ల ఊపిరి సగంలో తెగిపోతుంది" అన్నాడు స్వామి తాపీగా. "గోతులు తవ్వింది నువ్వే కదయ్యా. నేను పూడుస్తున్నాను. తల్లి గొంతు, కూతురి ప్రాణం... రెండూ కలిస్తే నాకు ఊడిగం చేసే పిశాచి. మొదలైన మంత్రానికి ఊపిరి పడాల్సిందే."

పెళపెళమని పిడుగు! కూతురి పెదవులు నీలమవుతున్నాయి. ఎదురుగా, ఇన్నాళ్లూ ఆయన కోరుకున్న గొంతు, కోరుకున్నంత వెచ్చగా పాడుతోంది...

యంత్రాన్ని ఆపకూడదు. గోతులు పూడాలి. మాస్టారు కంప్యూటర్ వైపు తిరిగాడు. ఎంత కోసినా అసలుదాన్ని పారేయకపోవడం ఆయన వృత్తి అలవాటు. తెర మీద దిద్దిన పాట కిందే, అదే వేగంతో, నోరు నొక్కేసిన అసలు పాట సాగుతోంది. పైదాని నోరు మూసి, కిందిదాని నోరు తెరిచాడు.

హుఁ... అని ఊపిరి! అది కూతురిది కాదు. తల్లిదే. వెంటనే చిన్న దగ్గు. కుర్చీ కిర్రుమంది. పూడ్చడానికి ఒక్క గొయ్యి లేదు! కూతురు మునిగి తేలినట్టు గాలి పీల్చి నేలకు ఒరిగింది.

ఆకలిగొన్న కపాలం పళ్లు టకటకలాడాయి. స్వామి మంత్రాన్ని ఇంకా వేగంగా చదివాడు. మంత్రం ఆపలేడు, ఊపిరి తీసుకోక తప్పదు. పాట ముగిసింది. పాట చివర భార్య అన్న మాటలు, మాస్టారు ఎప్పుడో కోసేసిన మాటలు, ఆ గదిని నింపాయి.

"చాలండీ, ఇంక ఆపండి. అమ్మాయికి చలేస్తుంది, ఆ కిటికీ ముయ్యండి."

మంత్రానికి తప్ప లొంగని చక్రాలు ఆ మాటకు ఠక్కున నిలిచిపోయాయి! స్వామి గుక్క తిప్పుకోబోయాడు... ఆ గుక్కను కపాలం మింగేసింది. టేపు కాలసర్పంలా అతని కంఠాన్ని చుట్టుకుంది. ఒక్క కేక! ఆపై అతనున్న చోట భస్మం... గడ్డకట్టిన, చల్లని భస్మం. టేపు భగ్గున మండి, మూడురోజుల వెచ్చదనమంతా పొగై పోయింది.

తిరిగి వస్తుంటే వాన వెలిసింది. గొడుగు అక్కర్లేకపోయినా ఇద్దరూ దాని కిందే నడిచారు. చేతిలో కూతురి చేయి వెచ్చగా ఉంది.

ఇంట్లో దిద్దని పాట పెట్టుకుని చివరిదాకా విన్నారు.

"ఇవన్నీ ఎందుకు కోసేశావు నాన్నా?"

"తప్పులనుకున్నానమ్మా."

గాలికి తెర ఊగుతోంది. ఆయన లేచి వెళ్లి కిటికీ మూశాడు.