పడవలో దీపావళి తుపాకి

సింగపూరుకి ఉత్తరం కొసన, అవతలి మలేషియా దీపాలు కనబడేంత దగ్గర్లో, ఒక రిజర్వాయరుంది. దాని పడమటి మూలకి పొద్దు గూకాక ఎవరూ వెళ్ళరు. చెట్లు నీళ్ళలోకి వంగి ఉంటాయక్కడ. వాటి మధ్యలోంచి ఎవరో లేస్తారని చెప్పుకుంటారు. పట్టపగలు చేపలు పట్టుకునేవాళ్ళు కూడా అటు పీట వేసుకోరు.

నేను కళ్ళారా చూడలేదు, ముందే చెబుతున్నా. సెంగ్‌కాంగ్‌లో మా పై ఫ్లాట్ రజిత చెప్పింది. అబద్ధమాడే పిల్ల కాదు. వాళ్ళాయన గంగాధర్‌కి జరిగిందిది.

అప్పటికి గంగాధర్ పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, పెట్టుకుని ఉన్నాడు. అంతకుముందు ఒకసారి కాదన్నారు. అది రాకపోతే, ఉద్యోగం ఊడిన్నాడు పెట్టే బేడా సర్దుకుని విమానం ఎక్కాల్సిందే. ఆ భయంతో పాపం, ఎర్ర దీపం వెలిగితే ఖాళీ రోడ్డు కూడా దాటేవాడు కాదు. ఉన్న ఒక్క సరదా— శనివారం సాయంత్రం క్లబ్బు పడవ వేసుకుని ఒక్కడే ఆ రిజర్వాయరులో తెడ్డు వెయ్యడం.

అంతలో కర్నూలు నుంచి అత్తగారు అరుణమ్మ దిగింది. వాళ్ళింట్లో లైసెన్సు తుపాకి ఉంది. ఆవిడ భర్త పొలానికెళ్ళినా అది భుజాన ఉండాల్సిందేనట. పడవ సంగతీ, ఆ మూల సంగతీ విని, సరిహద్దు పక్కన నీళ్ళు కదా, లైసెన్సుంటే పడవలో తుపాకి పెట్టుకోనివ్వరా అని అల్లుణ్ణి అడిగింది. గంగాధర్ నవ్వాడట. ఇక్కడ బొమ్మ తుపాకి అయినా సరే, అసలుదానిలా ఉంటే పోలీసులు ఊరుకోరనీ, దొరికితే పీఆర్‌కి నీళ్ళొదులుకోవడమేననీ చెప్పాడట.

ఆవిడ బుద్ధిగా తలూపింది. చేసేది చేసింది.

చీకటిపూట బయటికెళ్ళే మనిషి దగ్గర ఇనుము ముక్క ఉండాలి. అది మన వైపు ఎవరినడిగినా చెబుతారు. కానీ ఈ ఫ్లాట్లలో ఇనుమెక్కడిదీ? ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి, గరిటెలకీ చెంచాలకీ పెట్టి చూసిందట మహాతల్లి. ఒక్కటీ అంటుకోలేదు. చివరికి మనవడి కోసం సూట్‌కేసులో తెచ్చిన దీపావళి తుపాకి... టక్కున అంటుకుంది. నల్లగా, బరువుగా, అచ్చం అసలుదే. రీలు లేదు, పేలదు, ఇంకేం భయమనుకుంది. గుడ్డలో చుట్టి అల్లుడి సంచి అడుగున పెట్టేసింది.

ఆవేళ గాలి ఎదురు తిరిగి, పడవ ఆ మూలకే కొట్టుకుపోయింది.

పొద్దు గూకింది. అవతలి గట్టున దీపాలు వెలిగాయి. దాహమేసి, నీళ్ళ సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. చల్లగా ఏదో తగిలింది. బయటికి తీశాడు—

తుపాకి.

నీళ్ళలోకి విసిరేద్దామని చెయ్యెత్తాడు.

"ఏమిటది?"

ఇంగ్లీషులో... గుసగుసలా... వెనకనుంచి.

తిరిగి చూస్తే, చెట్ల నీడలో, ఛాతీలోతు నీళ్ళలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా. టోపీ కింద మొహం ఆనడం లేదు. అలలు కొడుతున్నా కదలడం లేదు.

గంగాధర్‌కి దెయ్యమన్న ఆలోచనే రాలేదట. పీఆర్ పోయింది... అదొక్కటే బుర్రలో తిరిగింది.

"సార్, మా అత్తగారు పెట్టారు సార్. బొమ్మది... దెయ్యాలు రాకుండా సార్."

ఆ మనిషి చెయ్యి చాపాడు. గంగాధర్ ఇచ్చేశాడు. ఇనుము, ఇనుము అని ఆవిడ అంత తపించిందా, దాన్ని అతను తాపీగా అటూ ఇటూ తిప్పి చూసి, ఒకసారి నొక్కాడు... టిక్.

"కెన్ గో," అన్నాడు, ఇక వెళ్ళొచ్చని ఇక్కడివాళ్ళు అనే తీరులోనే.

ఒడ్డుకెలా చేరాడో గంగాధర్‌కే తెలీదు. అప్పట్నుంచీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. తిండి సహించలేదు. అత్తగారితో మాటల్లేవు. ఎంతకీ ఎవరూ రాలేదు. ఈ నరకం కంటే తనే వెళ్ళి ఒప్పుకుంటే నయమనిపించి, ఆ ఆఫీసరెవరో కనుక్కుందామని క్లబ్బులో పడవలు చూసుకునే లిమ్ అంకుల్ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

అంకుల్ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడట. ఆ చెట్ల దగ్గర రెండు నిలువుల లోతుందనీ, పడవ లేకుండా ఏ పోలీసూ అక్కడ నిలబడలేడనీ అన్నాడట. ఆ ఖాకీ చొక్కాని తనూ ఒకసారి చూశాడట. జడుసుకుని వారం మంచం దిగలేదట.

గంగాధర్ అక్కడే చతికిలబడ్డాడు. బెదిరిపోయాడనుకుని అంకుల్ వీపు నిమిరాడట.

"పోలీసు కాదా అంకుల్?"

"కాదు."

"ఖాయంగా దెయ్యమేనా?"

అవునని తలూపాడాయన.

గంగాధర్ కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడట.

"దెయ్యాలు... పోలీసులకి చెప్పవు కదా అంకుల్?"