నల్ల పోర్టు

"లిప్‌స్టిక్ కెమెరా?"

"వద్దు సార్."

"పెన్ గన్?"

"నా కాలేజీ లాప్‌టాప్ చాలు."

ఇంటెలిజెన్స్ చీఫ్ జగన్నాధం ఏజెంట్ హేమను ఎగాదిగా చూశాడు. ఊళ్లో అందరూ కొత్త మోడళ్లు కొంటున్న 2016లో ఆ లాప్‌టాప్ ముసలిది. దానికి పనిచేసే యూఎస్‌బీ పోర్టు ఒక్కటే.

"సరే, విను. చేపల పడవల గుర్తింపు కోడ్‌ల డిస్క్‌ను ధనరాజు కాజేశాడు. అసలు డిస్క్ వదలడు, కాపీ చేసి విదేశీ గూఢచారి డెల్గాడోకు అమ్ముతాడు. జాడ మిగలకుండా అద్దె లాప్‌టాప్ అడిగాడు. ఆపరేటర్‌వి నువ్వే. డెల్గాడో వచ్చాక సిగ్నల్ ఇవ్వు. రామతీర్థం నుంచి టీమ్ రావడానికి రెండు గంటలు పడుతుంది."

హేమ తండ్రి గంగులు అప్పటికే సముద్రంలో చేపల వేటలో ఉన్నాడు. కోడ్‌లు చేతులు మారితే శత్రువు గంగులు పడవ పేరుతో ఒడ్డెక్కుతాడు. ఆ తర్వాత కోస్ట్ గార్డ్ తుపాకులు గంగులు వైపే తిరుగుతాయి.

అరసవల్లి లాడ్జి. నూనె జడ, టిఫిన్ క్యారియర్, ఒళ్లో లాప్‌టాప్‌తో హేమ కూర్చుంది. డెల్గాడో వచ్చాడు. వెనకే నల్లకళ్లద్దాల రేఖ! ఒకప్పుడు మన ఏజెంట్. ఇప్పుడు ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

హేమ ఫోన్ తీసింది. "అమ్మా, ఛార్జర్ మర్చిపోనాను."

అదే సిగ్నల్.

ధనరాజు ఒక్క పోర్టును నాలుగు చేసే వెండిరంగు హబ్ తగిలించి, అసలు డిస్క్, ఖాళీ డిస్క్ రెండూ దానికి గుచ్చాడు. "సూడమ్మీ, సింగపూర్ సరుకు. అన్నీ స్పీడు నీలం పోర్టులే. టీ తాగేలోగా అయిపోతాది."

స్క్రీన్ మాత్రం రెండు గంటలంది.

"ఏటిది?" హబ్‌లో పోర్టు మార్చాడు. వైరు మార్చాడు. చివరికి ఇంకో హబ్ తెచ్చాడు. మళ్లీ రెండు గంటలే!

డెల్గాడో పిస్టల్ హేమ కణతకు ఆనింది. "ఫాస్టర్!"

"కాల్సు. ఆనక మవుస్ నువ్వు పట్టుకుంటావేటి?"

డెల్గాడో కనుసైగకు రేఖ వంగి లాప్‌టాప్ పక్కకు చూసింది. హబ్ పోర్టులన్నీ నీలం. హబ్ వైరు దూరిన లాప్‌టాప్ పోర్టు మాత్రం నల్లనిది. డెల్గాడో కారులో కొత్త లాప్‌టాప్ ఉంది. రేఖ ఒక్క మాట అంటే చాలు, దాన్ని తెప్పిస్తాడు.

రేఖ నిటారుగా నిలబడింది. "హబ్‌లు నకిలీవి బాస్. ధనరాజు మోసం చేశాడు."

పిస్టల్ ధనరాజు వైపు తిరిగింది. ఒట్లు, బూతులు, బేరాలు. కాపీ మాత్రం పాకుతూనే ఉంది. అంతా ఒకే పెద్ద ఫైలు. పూర్తిగా రాకపోతే తెరుచుకోదు.

తొంభై తొమ్మిది శాతం. అప్పుడు తలుపు విరిగింది, టీమ్ దూసుకొచ్చింది! డెల్గాడో డిస్క్ మీదికి దూకాడు. హేమ అంతకన్నా ముందే హబ్ వైరు పీకేసింది.

బేడీల్లో ధనరాజు అరిచాడు. "ఒసే, నా హబ్‌నేటి సేసినావే?"

"నాను ముట్టనేదు మావా. హబ్‌కి ఎన్ని నీలం పోర్టులుంటే ఏటి? కంప్యూటర్ ఎంతిస్తే అంతే పంచుతాది. నాది పాతకాలం నల్ల పోర్టు!"

రేఖ నవ్వింది. "పలాసలో నాను డిగ్రీ సదివింది కూడా ఇలాటి దాంతోనే. సూడగానే తెలిసిపోనాది."

మర్నాడు గంగులు పడవ ఒడ్డుకు చేరింది. జగన్నాధం కొత్త లాప్‌టాప్ మంజూరు చేశాడు. హేమ పాతదాన్ని గుండెకు హత్తుకుంది.

"ఇదే ఉండనివ్వండి సార్. మన ఆఫీసులో నెమ్మదిగా పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. దేశానికి పనికొచ్చింది ఇదొక్కటే."