ఎవరికీ నచ్చని వంటిల్లు

పొద్దున్నే అమ్మ కాఫీ గ్లాసు ఠంగుమని బల్లమీద పెట్టింది. ఆ చప్పుడుకి కింది వాటాలోవాళ్లు కూడా లేచి కూర్చునే ఉంటారు.

"ఇల్లు చూడ్డానికి ఈ నెల కూడా ఒక్క పురుగైనా రాలేదు," అంది.

కూతురు తలెత్తలేదు. అమ్మకానికున్న ఇళ్లకి కంప్యూటర్లో బొమ్మలు చేయడం ఆమె ఉద్యోగం. మేకల కొట్టం మీదైనా సరే, కాస్త పసుపు వెలుగు పోసిందంటే కొత్త జంటలు చెప్పులు విప్పి మరీ బొమ్మలోకి నడిచొచ్చేస్తారని ఆఫీసులో పేరు. అలాంటిది, నాన్న పోయాక అమ్మేద్దామనుకున్న సొంతింటికి తను చేసిన బొమ్మ ఒక్కరినీ రప్పించలేదు.

నిన్న అమ్మ బ్రోకర్ని కడిగేసిందట. ఇల్లు బానే ఉందండీ, ఆ వంటింటి బొమ్మ చూస్తేనే ఎవరో పోయినట్టుంది అని అతను గొణిగాడట. ఒకావిడైతే అతని దగ్గర ఆ బొమ్మ చూసి కళ్లు తుడుచుకుని, పిల్లల్ని దగ్గరికి లాక్కుని వెళ్లిపోయిందట.

"కావాలనే చేశావు కదూ?"

కూతురు బుకాయించి చూసింది. తప్పంతా కరెంటు మీదికి, స్క్రీను మీదికి, చివరికి వాతావరణం మీదికి కూడా తోసింది. అమ్మ కదల్లేదు. ఇక లాభం లేదని కంప్యూటర్ తెరిచి చూపించింది. వెలుగు రంగుకి ఒక మీట ఉంటుంది. ఇటు జరిపితే పొయ్యి పక్కన కూర్చున్నట్టు పసుపు. అటు జరిపితే ఆసుపత్రి వరండాలా నీలం. గోడ అదే, గిన్నె అదే, చూసేవాళ్ల గుండె మాత్రం జారిపోతుంది. తను దాన్ని చివరిదాకా అటే తోసింది.

"ఈ ఇల్లు పోతే నాన్న ఇంకోసారి పోయినట్టే అమ్మా."

అమ్మ ఆ బొమ్మని దగ్గరికి వంగి చూసింది.

"కొనేవాళ్లు ఒక్కసారి చూసే పారిపోయారు. నువ్వు పొద్దున వెళ్లి చీకటిపడ్డాక వస్తావు. నేను రోజంతా అందులోనే ఉంటున్నానే."

కూతురు మెల్లగా మీటని ఇటు లాగింది. వంటిల్లు వెచ్చబడింది. బొమ్మలో బల్ల దగ్గరున్న నాన్న కుర్చీని కూడా తీసేసింది. కొనేవాళ్లు తమవాళ్లని అక్కడ ఊహించుకోవాలి, అందుకని ఎవరి కుర్చీనీ ఉంచకూడదు. అది ఆఫీసు పద్ధతి.

"బావుంది. దీన్ని ఎవరైనా కొంటారు," అంది అమ్మ. "మనింట్లో ఇంత మంచి వెలుగు ఏనాడుంది గనక? పేపరు కనబడదని మీ నాన్న ఆ తెల్ల ట్యూబులైటు మార్చనిస్తేగా."

నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

"ఇది పంపించెయ్," అంది అరచేత్తో కళ్లు తుడుచుకుంటూ. "ఆ నీలందాన్ని మాత్రం చెరపకు. కుర్చీ ఉన్నదాన్ని. అది నాతో తెచ్చుకుంటాను."

కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. ఇద్దరూ అదే తాగారు.