రెండిళ్ల పిల్లికి ఒకటే పథ్యం

"అది నా పిల్లి!"

పెట్ క్లినిక్‌లో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పారు. ఈత కోచ్ గొంతు అలాంటిది. కొలను అవతలి గట్టున ఉన్న పిల్లలకు కూడా విజిల్ అక్కర్లేకుండా వినబడుతుంది.

ఆమె ఒడిలోని బుట్టలోకి తొంగిచూస్తున్న యువకుడు మాత్రం బెదరలేదు.

"మీదైతే రోజూ సాయంత్రం మా స్టూడియోలో ఎందుకు పడుకుంటుందండీ? సరిగ్గా తినట్లేదని నేనే ఇక్కడికి తెద్దామనుకున్నా. చూస్తే మాయం! వీధులన్నీ గాలించి, చివరికి ఇక్కడ అడుగుదామని వచ్చా."

అతనిది పక్కవీధిలో ఫోటో స్టూడియో. ఆమె ఇంట్లో 'మహారాణి'గా చలామణీ అవుతున్న ఆ బూడిదరంగు పిల్లికి అతను పెట్టిన పేరు 'దొంగ'. పేరుకు తగ్గట్టే రెండిళ్లలోనూ భోంచేస్తోంది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు తీసింది. "రక్తంలో కాల్షియం బాగా ఎక్కువైంది. ఇలాగే వదిలేస్తే కిడ్నీలు పాడవుతాయి. ఏం పెడుతున్నారు?"

"పాలు, గింజల ఫుడ్," అంది ఆమె.

"చేప తలకాయలు. బలానికని విటమిన్ డి చుక్కలు," అన్నాడతను, గర్వంగానే.

"ఆ చుక్కలు ఇవాళే ఆపేయండి. పాలూ వద్దు, ముళ్లూ వద్దు. కాల్షియం, విటమిన్ డి తక్కువగా, పీచు ఎక్కువగా ఉండే తడి ఫుడ్ పెట్టండి. లోపల గడ్డలాంటిది ఏమైనా ఉందేమో స్కాన్ చేసి చూస్తాను."

ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"ఇంకో మాట. ఒకరు పథ్యం, ఒకరు విందు పెడితే కుదరదు. అలాగని కడుపు మాడ్చకండి. తిండి పూర్తిగా మానేస్తే పిల్లికి లివర్ దెబ్బతింటుంది. అలా మానేస్తే వెంటనే తీసుకురండి."

స్కాన్‌లో గడ్డేమీ కనబడలేదు. ఊపిరి పీల్చుకున్నారు గానీ, అసలు యుద్ధం అప్పుడే మొదలైంది. కొత్త ఫుడ్ గిన్నె చూస్తేనే మహారాణి మొహం తిప్పేసేది. పథ్యం తప్పకుండా దాన్ని ఆమె, ఆమె నాన్న ఉండే ఇంట్లోనే ఉంచారు. పొద్దున ఆమె బతిమాలేది. సాయంత్రం అతను వచ్చి నేలమీద బోర్లా పడుకుని పిల్లితో మాట్లాడేవాడు. అతను వచ్చే వేళకి తాను తల దువ్వుకుంటున్నట్టు గమనించి, ఆమె తనమీద తనే విసుక్కుంది.

ఒకరోజు సాయంత్రం పిల్లి మూతి వాసన చూసేసరికి ఆమెకు ఒళ్లు మండింది. చేప!

"మళ్లీ పెట్టారా? దాని ప్రాణంతో చెలగాటమా మీకు?"

"నేను పెట్టలేదండీ."

"మరి చేప నడిచొచ్చిందా?"

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పేపరు వెనక నుంచి నాన్న దగ్గాడు. "నేనేనమ్మా. అది అలా నీరసంగా చూస్తుంటే మనసొప్పలేదు. చిన్న ముక్కే."

"నాన్నా! అతణ్ని అంటుంటే చెప్పొచ్చుగా?"

"నువ్వు అరుస్తుంటే నా మాట వినబడుతుందా?"

బయట కురుస్తున్న వానలోనే ఆమె పరుగెత్తింది. స్టూడియోలో అతను ఫోటో లైటుకు పెట్టే గొడుగు స్టాండ్ బిగిస్తున్నాడు. జుట్టు నుంచి నీళ్లు కారుతుండగా ఆమె గుమ్మంలో నిలబడి, జన్మలో మొదటిసారి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"తప్పు నాది. నాన్న పెట్టారట. నన్నెన్ని తిట్టినా పడతాను గానీ, ఒక్కసారి రండి. నిన్నటి నుంచి అది ఆ ముక్క తప్ప ఏమీ తినలేదు. భయమేస్తోంది."

అతను తిట్టలేదు. బల్లకింద నుంచి ఓ సంచీ తీశాడు. "ముద్దలా ఉంటే దానికి నచ్చట్లేదండీ, చుట్టూ ఉన్న రసం మాత్రమే నాకుతోంది. అందుకే పులుసులా ఉండే రకం వెతికాను. పీచు ఎక్కువే, డాక్టరమ్మకు చూపించాను. మీకిద్దామనుకునేలోపే... తిట్లు పడ్డాయి."

ఇద్దరూ ఆమె ఇంటికొచ్చి, గిన్నెను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చన చేశారు. నాన్నతో సహా ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. పిల్లి వాసన చూసింది. వెనక్కి జరిగింది. ఆమె తెలియకుండానే అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పిల్లి మళ్లీ ముందుకొచ్చింది. నాలుక ముంచింది. తర్వాత తలెత్తలేదు.

"తింటోంది," అందామె గుసగుసగా. నాన్న గబగబా కళ్లు తుడుచుకుని, కాఫీ వంకన వంటింట్లోకి జారుకున్నాడు.

కొన్ని వారాలకు మళ్లీ రక్తపరీక్ష. కాల్షియం దిగింది. "ఇదే ఫుడ్ కొనసాగించండి. టెస్టులు మాత్రం మానొద్దు," అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక అతను బుట్ట ఆమెకిచ్చాడు. "దీనికి తగ్గింది. ఇక మీరే పెట్టుకోగలరు. నేను రోజూ రావక్కర్లేదేమో."

ఆమె అతనివైపు తిరిగింది. "పిల్లి కోసమే వచ్చారా ఇన్నాళ్లూ?"

అతను నేల చూశాడు. "మొదటి రెండు రోజులు."

ఆమె మొహం ఎర్రబడింది. బుట్టను గుండెకు హత్తుకుంది. "అయితే సాయంత్రం రండి," అంది, పక్కనున్న అతనికి మాత్రమే వినబడేంత మెల్లగా. "నాన్నతో మాట్లాడాలి కదా."