పై కవరు మీది అడ్రస్

"పదకొండు పేర్లు, లోవరాజూ. విదేశంలో మన ఏజెంట్లు. రేపు నాలుగింటికి ఆ పేర్లున్న ఫైలు అనకాపల్లి దాటిందా, ఒక్కరూ మిగలరు," అన్నాడు చీఫ్.

ఏడో పేరు శాంతికుమారి. లోవరాజు చెల్లెలు.

మర్నాడు మూడు యాభైకి, కళాసీ వేషంలో, బెల్లం గోడౌన్ వెనక ఆ ఫైలు దాచిన సర్వర్ రూములోకి దూరాడు. కొత్తవాడు దారి తప్పాడనుకుని అసలు కళాసీ సత్తియ్య బస్తాతో సహా వెంటే వచ్చాడు. వెనక ఉక్కు తలుపు మూసుకుంది.

స్పీకర్లో హాసిని గొంతు. మొన్న ఆ ఫైలు ఎత్తుకుపోయేదాకా అతని పార్టనర్. ఆమె నవ్వు చూసి డిపార్ట్‌మెంటంతా నమ్మేసింది, లోవరాజు అందరికంటే ముందు.

"వైరు పీకకు రాజూ. లింక్ తెగితే ఫైలు శాటిలైట్ దారి పడుతుంది. పాస్‌వర్డ్ నీ వల్ల కాదు. కూర్చో."

కిటికీ లేదు. సిగ్నల్ లేదు. ఫైలు వెళ్లడానికి తెర మీద ఇంకా ఎనిమిది నిమిషాలు. లోవరాజుకి భయం వేసింది, చెల్లెలి కోసం.

"ఏటి బావా, ఏటవుతాది?" అన్నాడు సత్తియ్య.

"ఫైలుని ముక్కలు చేస్తారు. ముక్కకో నంబరు. దాని మీద కవరు, విదేశం అడ్రస్‌తో. ఆ పైన ఇంకో కవరు, దాని మీద పక్క మెషీన్ అడ్రస్ ఒక్కటే. అప్పుడు వైరెక్కుతాయి."

"మన బత్తాలాగే. లోపలి బెల్లం దిమ్మ ఏ ఊరెళ్తాదో మాకెందుకు? పైని గుర్తు సూత్తాం, ఆ లారీకే ఎత్తేత్తాం."

"గుర్తు తప్పయితే?"

"తప్పు లారీ ఎక్కుతాది. అక్కడోళ్లు మాది కాదని పారేత్తారు."

లోవరాజు మెడలోని తాయెత్తు విప్పాడు. లోపల పెన్‌డ్రైవ్. ఫైలు తాళం దానికి లొంగలేదు, నెట్‌వర్క్ సెట్టింగ్స్ లొంగాయి. పై కవరు మీద పక్క మెషీన్, అంటే రూటర్, అడ్రస్ చెరిపి, అదే నెట్‌వర్క్‌కి కలిపిన వాకిట్లోని ఎలక్ట్రానిక్ కాటా అడ్రస్, సత్తియ్యకి చెబుతూనే, కొట్టాడు. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి ఎంటర్ నొక్కేసరికి ఒక్క సెకను మిగిలింది.

పచ్చలైటు వెలుగుతూనే ఉంది. ముక్కలన్నీ కాటాకి చేరాయి. అది ఒక్కొక్కటే పై కవరు విప్పి, లోపలి అడ్రస్ తనది కాదని పారేసింది. ఎవరికీ దొరక్కూడదని హాసిని ముఠా రసీదు అడగని పద్ధతిలో పంపింది. అందుకే పంపినవన్నీ చేరినట్టే లెక్కేసి తెర మీద వంద శాతం అని పడింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పిస్టల్‌తో హాసిని. అంతలో ఆమె ఇయర్‌పీస్ గరగరలాడింది.

"ఏమీ రాలేదా?" అంది అవతలివాళ్లతో.

ఆమె తెర వైపు తిరిగింది. సత్తియ్య భుజం మీది బస్తా ఆమె చేతి మీద పడింది. పిస్టల్ లోవరాజు తీసుకున్నాడు.

"ఎక్కడికి పంపావు?" అంది హాసిని.

అతను నోరు తెరిచేలోగా సత్తియ్య చెప్పాడు: "కాటాకమ్మా. కాటా ఎక్కకండా అనకాపల్లి నుంచి ఏ సరుకూ దాటదు."