సగం బిళ్ల

పదకొండో రోగి నెత్తురు చుక్క పలకమీద పడీపడగానే నిర్ణేత యంత్రం తేల్చేసింది. పాత మందులు మూడూ పనిచేయవు. ఈ ఒంట్లోని వైరస్ తాను పెరగడానికి వాడే కత్తెరకు కొత్త పదును పెట్టుకుంది. ఆ కత్తెర నోరు బిగించగలిగేది కత్తెరకట్టు అనే కొత్త మందు ఒక్కటే. అది వెనక అరలో ఉంది. తెర మీద చివరి వరుస: మందు క్రమం తప్పని లెక్క చెప్పే బద్ధాంకం యాభై రెండు, అర్హత లేదు.

యంత్రానికేం, చెప్పి ఊరుకుంటుంది. ఆ మాట మనిషి మొహం మీద అనాల్సింది కేంద్రంలో మందులిచ్చే కృపావతి. పొద్దుట్నుంచి పదిమందికి అలాగే చెప్పి పంపింది, 'కారణం' గడిలో 'రోగి నిర్లక్ష్యం' నొక్కి.

ఎదురుగా ఎండుచేపలమ్ముకునే నూకాలు, ఎముకల గూడులా కూర్చుని ఉంది.

"ఏటంతంది నీ మిసను?"

"మందు రాదంటోంది అక్కా. బిళ్లలు సరిగ్గా వేసుకోలేదని..."

"నానేసుకోనేదా?" నూకాలు బల్ల మీద అరచేత్తో చరిచింది. "తుపానేళ రెండు నెల్లు సగం బిళ్లే మింగమన్నదెవులు? ఆ కత్తి సేత పట్టింది నువ్వు. నిర్లచ్చెం నాదా?"

కృపావతికి తన మీద తనకే ఒళ్లు మండింది. అంతా నిజమే. దారి కొట్టుకుపోయి సరుకు రాని ఆ రెండు నెలలూ ఉన్న బిళ్లల్ని ఈ బల్ల మీదే సగానికి కోసి నలభై ఒక్కమందికీ పంచింది. పస్తు కన్నా గంజి మేలనుకుంది. సగం మందు వైరస్‌ను చంపదు, రాటుదేలుస్తుంది. చదువుకున్నది తను, తెలిసుండాల్సింది తను. పాముకు పాలు పోసి పెంచి, కాటు తిన్నవాళ్ల మీదే నేరం మోపుతోంది. పైవాళ్లు మరీ ఘనులు. 'సరఫరాలో అంతరాయం లేదు' అని రాసుకుని చేతులు దులుపుకున్నారు.

"ఇది లేకపోతే నానెన్నాళ్లుంతాను? సెప్పు."

"మూడు నెలలు."

గడిలో రెండో మాట కూడా ఉంది: కేంద్రం తప్పు. అది నొక్కితే మందు ఆ క్షణమే ఇవ్వాలి. నొక్కిన మనిషి పేరు, అరచేతి ముద్ర పడాలి. ఆ చెయ్యి మళ్లీ జన్మలో మందు ముట్టకూడదు, ఉద్యోగం పోయినట్టే. నిర్ణేత వచ్చిన పంతొమ్మిదేళ్లలో ఏ కేంద్రమూ దాన్ని నొక్కలేదు.

ఆమె వేలు అటు కదలగానే చెవిలో పెట్టుకున్న ఫోన్లో పై ఆఫీసు పర్యవేక్షకుడి గొంతు పలికింది. "అమ్మా కృపావతి, దాని జోలికి పోకు. ఒకరికి ఆ అర తెరిస్తే తీరమంతా తెరవాల్సొస్తుంది."

"తెరవండి సార్. మీ సొమ్మేం పోయింది? చస్తున్నది వీళ్లు!"

అరచెయ్యి తెర మీద గట్టిగా అదిమింది.

కృపావతి ఎన్నడూ చూడని ప్రశ్న తెర మీదికొచ్చింది: ఈ తప్పు వల్ల దెబ్బతిన్నవారు ఇంకెవరు?

పొద్దున పంపేసిన పదిమందితో మొదలుపెట్టి మిగతా నలభై పేర్లూ కృపావతి చెప్పింది, ఒక్కటీ తడుముకోకుండా. అర తెరుచుకుంది. అలవాటుగా చాచిన ఆమె చేతికి అడ్డంగా గాజు పలక దిగింది. నూకాలు చెయ్యి పెడితే అది పైకి లేచింది.

"మరి నువ్వేటి సేత్తావే?" అంది నూకాలు, సీసాను గుండెకు హత్తుకుని.

కృపావతి చెవిలో పర్యవేక్షకుడు అరుస్తూనే ఉన్నాడు. ఆయన అరుపుల వెనక మిగతా కేంద్రాలన్నింటి నుంచీ ఫోన్లు మోగుతున్నాయి. తీరం పొడవునా బల్లల వెనక మందులు పంచే ప్రతి ఒక్కరినీ నిర్ణేత ఇప్పుడు ఒకటే అడుగుతోంది: ఆ రెండు నెలలూ మీరేం పంచారు?